పేరుకు విడిచిన జాగా

పెనుకొండలో రాళ్ళకు కొదవ లేదు. కోట గోడల్లోనే కాదు, ఎవరో బట్టలుతుక్కునే బండ మీద కూడా వంగి చూస్తే రెండు అక్షరాలు కనబడతాయి. రాజులు పోయారు, రాయించినవి మిగిలాయి. ఆ దానశాసనాల చివర తరచుగా ఒక శాపం ఉంటుంది: ఇచ్చిన దానాన్ని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని. ఫకీర్ సాబ్ నాయన అలాంటి రాళ్ళ మీదే కొడుకు వేలు పెట్టించి తిప్పి అక్షరాలు నేర్పాడు. "అర్థం తెలీని మాట చెక్కొద్దురా, రాయికి అబద్ధం చెప్పినట్లయితాది" అనేవాడు.

ఫకీర్ సాబ్‌కు ఇప్పుడు అరవై మూడు. కొండకు పోయే దారిలో రేకుల కొట్టం, నాలుగు ఉలులు, ఒక సుత్తి. పనే తగ్గిపోయింది. ధర్మవరంలో ఒకాయన కంప్యూటరు మిషను పెట్టి, మూడు రోజుల పనిని ఒక మధ్యాహ్నంలో ముగించేస్తున్నాడు. ఫకీర్ సాబ్ ఆ మిషన్ని రెండుసార్లు పోయి చూసొచ్చాడు. మొదటిసారి తిట్టుకున్నాడు. రెండోసారి ఆశపడ్డాడు. సోమందేపల్లి దగ్గర హైవేని ఆనుకుని భార్య బుడన్‌బీకి పుట్టింటివాళ్ళు రాసిచ్చిన అరెకరా ఉంది. అక్కడ షెడ్డు వేసి మిషను పెట్టాలని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాడు. షెడ్డు నలభై అడుగులు, ఇరవై అడుగులు. కళ్ళు మూసుకుంటే మిషను ఏ మూల నిలబడుతుందో కూడా కనిపించేది. ఆ సంగతి ఎప్పుడెత్తినా బుడన్‌బీ "చూద్దాంలే" అనేది. ఆ మాటను ఆయన సరేనని లెక్కవేసుకున్నాడు.

ఒకరోజు పొద్దున బిల్డింగు కాంట్రాక్టరు మనిషి నరేష్ కాగితం పట్టుకుని వచ్చాడు. సోమందేపల్లి దగ్గర కొత్త ఆరోగ్య కేంద్రానికి శంకుస్థాపన. కట్టించేది బెంగుళూరు కంపెనీ కాబట్టి రాత అంతా ఇంగ్లీషు.

"ఎల్లుండికి కావల్ల సాబూ. జాగా ఇచ్చినోళ్ళ పేరు రేపు చెప్తా. ఆడ ఖాళీ ఇడువు."

"ఏమప్పా, దాతకు పేరే లేదా?"

"ఉండాది. పేరు ఏపిచ్చుకోను ఒప్పుకుంటాలేరు. బతిమాల్తాండాం."

పేరుకు జాగా విడిచి మిగతాది చెక్కడం ఈ పనిలో మామూలే. పెద్దమనుషులు ఎవరి పేరు ముందుండాలో చివరి గంట దాకా తేల్చుకోరు. కానీ ఆ ఖాళీకి ముందున్న మాట దగ్గర ఫకీర్ సాబ్ వేలు ఆగిపోయింది. మ్యునిఫిసెన్స్. నలభై ఏళ్ళలో ఆ మాట తన రాయి మీదికి రాలేదు. నరేష్‌ని అడిగితే "ఏదో మంచి మాటేలే" అన్నాడు.

హిందూపురం బస్సెక్కి రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు గంగాధర ఇంటికి పోయాడు ఫకీర్ సాబ్. ఆయనకు అడిగేవాళ్ళు దొరకడమే పండగ.

"నిఘంటువులో వదాన్యత అని ఉంటుంది. మామూలు దానం కాదు సాబూ. ఇచ్చే చెయ్యి కొలత మర్చిపోతే, అది. లాటిన్‌లో మూనుస్ అని ఒక మాట. దానికి కానుక అనీ అర్థమే, బాధ్యత అనీ అర్థమే. రోము పట్నంలో పదవి దొరికినవాడు సొంత డబ్బుతో ఊరికి ఆటలు ఆడించాల, కట్టడాలు కట్టించాల. ఇస్తే గొప్ప, ఇయ్యకపోతే సిగ్గు. ఆ మూనుస్‌ని చేసేవాడి గుణమే ఇది."

"అంటే ఇది ఇష్టమా, అప్పగించిన పనా సార్?"

"రెండూ ఒక్కటిగా తోచినవాడికే ఆ మాట నప్పుతుంది. మీ పెనుకొండ శాసనాల్లో శాపం ఒక్కటే చెప్పుకుంటారు మీరు. దాని పక్కనే ఇంకో మాట ఉంటుంది. తాను ఇచ్చిన దానికంటే, ఒకరు ఇచ్చింది కాపాడితే రెట్టింపు పుణ్యమని."

తిరిగొచ్చే బస్సులో ఫకీర్ సాబ్‌కు ఆ దాత మీదే ధ్యాస. హైవే పక్క సెంటు భూమికి అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటున్న కాలం ఇది. అలాంటి చోట ఇంత ఇచ్చినవాడి పేరు ఎంత పొడుగుంటుందో! ముందు మూడు ఇనీషియల్సు, వెనక డిగ్రీలు. రెండడుగుల ఖాళీ విడిచాడు.

మరునాడు బుడన్‌బీ రాగిముద్ద పెడుతుంటే ఆ దాత సంగతీ, ఆ ఇంగ్లీషు మాట సంగతీ చెప్పాడు.

"ఎవుడో పిచ్చోడు. రోడ్డు పక్క భూమి ఉత్తినే ఇచ్చేసినాడంట."

"పిచ్చోళ్ళకు ఇంగ్లీషులో అంత పెద్ద పేరుండాదా?" అంది బుడన్‌బీ. పులుసు గిన్నె ఆయన వైపు జరిపి లోపలికి పోయింది.

సాయంత్రం నరేష్ చీటీ ఇచ్చి బండి దిగకుండానే పోయాడు. ఫకీర్ సాబ్ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతాడు. బి. యు. డి. ఏ. ఎన్. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి రాయి మీదే నిలిచిపోయింది. కింది వరసలో వైఫ్ ఆఫ్ అని ఉంది. ఆ పక్కన తన పేరే ఉంది.

ఈ చుట్టుపక్కల ఇంకో బుడన్‌బీ ఉండకూడదా? ఉండొచ్చు. ఇంకో ఫకీర్ సాబ్ కూడానా? రాతిపొడిలోనే కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఆయన తలకు ఏ నూనె పడదో తెలిసిన మనిషి రిజిస్ట్రారాఫీసుకు పోయి వేలిముద్ర వేసి, ఇంటికొచ్చి ముద్ద కెలికి పెట్టింది!

ఇంటికెళ్ళి చీటీ ఆమె ముందు పడేశాడు.

"నన్నొక మాట అడగల్లని అనిపించలేదా నీకు?"

"అడిగితే ఒద్దంటావు. ఒద్దన్నాక ఇస్తే నీ మాట కాదన్నట్లయితాది."

"నా షెడ్డూ?"

"షెడ్డు షెడ్డు అని నాలుగేండ్లుగా అంటివి. వేసుకుందునా అని ఒక్కనాడన్నా అడిగితివా?"

ఫకీర్ సాబ్ వంగి చీటీ తీసుకున్నాడు.

బుడన్‌బీ గొంతు తగ్గించింది. ఆమె అన్న కూతురు సఫియా సోమందేపల్లి దగ్గరే నర్సమ్మ. అక్కడి ఆరోగ్య కేంద్రానికి గది లేదు. పసిబిడ్డలను తూచే తక్కెడను రోడ్డు పక్క కానుగ చెట్టుకు కడుతుంది.

"నేను పోయిన్నాడు లారీ వచ్చె. ఆ గాలికి తక్కెడలో బిడ్డ గిర్రున తిరిగె. తల్లి అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉండాది. అడుగు దూరంలో నా భూమి, ఉత్త కంపచెట్లు. నాది గాక ఎవురిదయ్యా ఆ పని?"

ఫకీర్ సాబ్ చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. దస్తావేజు రాసే ఓబన్నను పట్టుకుంటే దానం రద్దు చేసే దారి ఏదైనా చెబుతాడేమో. నాలుగు వీధులు నడిచాడు. ఓబన్న కొట్టు తెరిచే ఉంది, మనిషి కూడా ఉన్నాడు. "ఏమబ్బా సాబూ, రా" అని పిలిచాడు. ఫకీర్ సాబ్ గడప దగ్గర నిలబడి, అరవై వేల ఏళ్ళు, అనుకున్నాడు. "ఏమీ లేదు, ఊరికే వచ్చినా" అని వెనక్కి తిరిగాడు.

మరునాడు తెల్లవారగానే చెక్కడం మొదలుపెట్టాడు. బుడన్‌బీ పేరు ఇంగ్లీషులో ఏడే ఏడు అక్షరాలు. రెండడుగుల ఖాళీ నడిమధ్యలో అవి ఒంటరిగా నిలబడ్డాయి. కింది వరస మాత్రం చెక్కలేదు. నరేష్ గొణిగితే, "నేనేమన్నా ఇచ్చినానా నా పేరుండను?" అన్నాడు.

శంకుస్థాపన రోజు వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగారు: ఏంది సాబూ, ఆ పక్క ఈ పక్క అంత ఖాళీ? ఆయన పునాదికి ముగ్గు పోసిన చోటికి నడిచాడు. బుడన్‌బీ వైపు చూడలేదు. ముగ్గు గీతల మీద ఆయన కాళ్ళు వాటంతట అవే అడుగులు కొలుస్తున్నాయి. ఇరవైయో అడుగు దగ్గర మిషను నిలబడవలసిన మూల. అక్కడ సఫియా ఇంజనీరుకు ఏదో చూపిస్తోంది.

"ఈడేమొస్తాదమ్మా?"

"తక్కెడ, మామా."

ఫకీర్ సాబ్ రోడ్డు వైపు చూశాడు. లారీ ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. అది కనుమరుగయ్యే దాకా ఆగి, ఇంజనీరుతో అన్నాడు.

"సార్, ఈ పక్క గోడ రాతితోనే లేపండి. గాలి జాస్తి కొడ్తాది. రాయి నేను చూసిపెడ్తా."