ఎడపల్లిలో దిగిన మనిషి

కొత్త పానా కొనుక్కుని నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. పక్క సీటాయన పానా ఎందుకని అడిగితే, మోటార్‌సైకిల్ చక్రం బోల్టు తల అరిగి పాత పానా జారుతోందని చెప్పాను. ఆయన జేబులోంచి విరిగిన రంపం బ్లేడు ముక్క తీశాడు. జేబులో బ్లేడా! నా చెయ్యి పర్సు మీదికి పోయింది.

"బోల్టుకు, పానాకు నడుమ గిది ఇరికియ్యి అన్నా, జారదు. బండి యాడుంది? చక్రం వట్టుకునేటందుకు ఇంట్ల ఎవలన్నా ఉన్నరా?"

ఇంట్లో ఎవరుంటే ఇతనికెందుకు? మా ఇల్లు బోధన్‌లో. "ఎడపల్లి" అన్నాను.

ఎడపల్లి రాగానే బ్లేడు నా చేతిలో పెట్టి, "దా అన్నా, నేను వట్టుకుంట" అంటూ ముందే దిగిపోయాడు.

"నీది బోధన్ టికెట్ గదా!" దిగినాయన్ని చూసి కండక్టర్ అరిచాడు.

నేను లేవలేదు. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి బ్లేడు ఇరికించి తిప్పితే బోల్టు ఒక్కసారికే ఊడింది. ఎడపల్లిలో బస్సు ఆగితే ఇప్పటికీ కిటికీలోంచి బయటికి చూడను.