ఎర్తు గుంతకు రెండు బకెట్ల నీళ్ళు

ఎనభైల మొదట్లో, ఒక డిసెంబరు ఉదయం ఆరున్నరకు రాజస్థాన్‌లోని ఒక చిన్న రైల్వే స్టేషన్లో దిగాను. చుట్టూ ఇసుక. చెట్టు లేదు. గాలి ఎంత పొడిగా ఉండేదంటే కంబళి దులిపితే చిటపటమని రవ్వలు లేచేవి. మా ఆర్మీ వర్క్‌షాపు ఒక రేకుల షెడ్డు. బండి భాగాలకు, పెట్రోలు క్యాన్లకు ఇసుక రంగు వేయడం మా పని. నాది నాయక్ ర్యాంకు, పెయింటు సెక్షన్ నా కింద ఉండేది. గన్ను పట్టే పెయింటరు మస్తాన్, ఉదయగిరివాడు. మాది ఆత్మకూరు పక్కన. ఆ షెడ్డులో తెలుగు మా ఇద్దరికే వచ్చు.

"ఏందన్నా, ఈడ కూడా నీళ్ళు లేవే," అన్నాడు మొదటిరోజే. "మన ఊరి మాదిరే ఉండాది. దీనికి ఇంత దూరం రైలెక్కి రావాల్నా?"

మా గన్ను కాల్చేది కాదు, రంగు చల్లేది. దాని మొనలో వేల వోల్టులుంటాయి. ఆ విద్యుత్తు పట్టిన తుంపర ఇనుమును వెతుక్కుంటూ పోయి వెనకవైపు కూడా అంటుకుంటుంది. అయితే కొక్కేనికి వేలాడే ఇనుము తీగ ద్వారా భూమితో కలిసి ఉండాలి, అదే ఎర్తు. లేకపోతే విద్యుత్తు దాంట్లోనే నిలిచి, దగ్గరికి వచ్చిన మనిషి మీదికి రవ్వగా దూకుతుంది. అక్కడ ఇట్టే అంటుకునే థిన్నర్ ఆవిరి ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

కాబట్టి ముందు ఆవిరి లాగే ఫ్యాను, తర్వాతే గన్ను. జేబులో తాళంచెవి కూడా ఉండకూడదు. గన్ను పిడి చర్మానికి తగలాలి, చేతికి తొడుగు వద్దు. రబ్బరు అడుగు బూట్లు వద్దు. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా అంతే. సాయంత్రం గన్ను ఆపి, మొనను ఎర్తు తీగకు తాకించి, అప్పుడే థిన్నరుతో కడగాలి. కొక్కేలకు పేరుకున్న రంగును కత్తితో గీకాలి. మస్తాన్ వీటిలో ఒక్కటీ తప్పలేదు.

మిగిలింది షెడ్డు వెనక ఎర్తు గుంత. ఉప్పు, బొగ్గు వేసి రాగి పలక పాతిన గుంత, షెడ్డులోని ఎర్తు తీగలన్నీ దిగేది అందులోకే. ఆ ఇసుకలో అది ఎండితే ఎర్తు లేనట్టే. రోజూ పొద్దున రెండు బకెట్ల నీళ్ళు పోయాలి.

నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. పంచేది సుబేదారు. ఆయన నన్ను ఎన్నడూ పేరుతో పిలవలేదు.

"మద్రాసీ, మనుషులకే నీళ్ళు లేవు. నువ్వు గుంతకు తాపుతావా?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నాలుగు ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తే.

మా స్నానం నీళ్ళు గుంతలో పోశాం. ఒకరోజు నావి, ఒకరోజు మస్తాన్‌వి.

"నాకన్నా దానికే స్నానాలు ఎక్కువైనాయి," అనేవాడు. "నిఖా చేయాల్సింది ఇంక దానికే."

జనవరి చివర పెద్ద అధికారి తనిఖీ అన్నారు. ఆఫీసు ముందు బంతిమొక్కలు నాటారు. మా స్నానం నీళ్ళు కూడా వాటికి మళ్ళించారు. గుంత ఎండిపోయింది, గన్ను ఆపాలని సుబేదారుకు చెప్పాను. వినలేదు. ఆయన పైనున్న కెప్టెన్‌కు చెప్పాను.

"తనిఖీకి క్యాన్లన్నీ మెరవాలి. ఇది ఆర్డరు," అన్నాడు కెప్టెన్.

గుంతకు నీళ్ళు ఆగిన నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి మస్తాన్ గన్ను ఆపాడు. మొనను తీగకు తాకించాడు. గన్ను కడగడానికి థిన్నరు మగ్గు తీసుకుని, వేలాడుతున్న క్యాను పక్కనుంచి నడిచాడు. క్యాను నుంచి టిక్కుమని చప్పుడు. మెటిక విరిచినంత. చేతిలో మగ్గు భగ్గుమంది. ఇసుక చల్లి, కంబళి చుట్టి వాడిని బయటికి లాగాను.

"గన్ను ఆపే ఉండాదన్నా," అంటున్నాడు. "చూడు, ఆపే ఉండాది."

మూడోరోజు విచారణ బృందం వచ్చింది. వాళ్ళు రావడానికి గంట ముందు సుబేదారు తానే దగ్గరుండి ట్యాంకరు గొట్టం గుంతలో పెట్టించాడు. నా కళ్ళతో చూశాను. తర్వాత బృందంవాళ్ళు ఎర్తు కొలిచే మీటరు పెట్టారు. ఎర్తు బాగుందని చూపించింది. పెయింటరు నిర్లక్ష్యం అని తేల్చారు.

"సార్, నీళ్ళు ఈ పొద్దే పోశారు," అన్నాను.

"అంతకుముందు ఎర్తు లేదని మీటరుతో చూశావా?" అన్నాడు కెప్టెన్.

మాకు మీటరు ఇచ్చిందెప్పుడు? ఆ మాటే అన్నాను. వారంలో నన్ను వంటశాలలో కట్టెలు కొట్టే పనికి మార్చారు. అక్కడినుంచి కూడా పైవాళ్ళకు రెండుసార్లు మొరపెట్టుకున్నాను. జవాబు లేదు.

ఆసుపత్రిలో మస్తాన్ ఒక్కటే అడిగాడు. "మా అబ్బాకు నువ్వు చెప్పన్నా, నా తప్పు గాదని. ఆయన లారీలకు రంగులేసే మనిషి. పని చెడగొట్టినానంటే తట్టుకోలేడు." చేతులు కట్లలో ఉండగానే వాడిని ఇంటికి పంపేశారు.

నా సర్వీసు ఆ మరుసటి ఏడు ముగిసింది. ఆత్మకూరులో దిగి, మర్నాడే ఉదయగిరి బస్సెక్కాను. మస్తాన్ వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వాళ్ళ నాన్న ముందు కూర్చుని గుంత, బంతిమొక్కలు, ట్యాంకరు, అన్నీ చెప్పాను. ముసలాయన చివరిదాకా విన్నాడు.

"మిషను పెట్టి చూసినారంట గదా," అన్నాడు.

"చూసే ముందు నీళ్ళు పోసినారు చాచా."

"నువ్వు వాడి దోస్తువి. అట్టనే చెప్తావులే నాయనా. నలభై ఏండ్లు రంగుల్లో ఉండినాను. నా ఒంటిమీద ఒక్క మచ్చ ఉండాదేమో చూడు."

మస్తాన్ గోడవైపు చూస్తున్నాడు. ఇంకోసారి చెప్పాను. ముసలాయన తల ఊపాడు, మర్యాదకు.

లోపల్నుంచి టీ వచ్చింది. ఆయన సాసరులో పోసి, ఊది, కొడుకు నోటికి అందించాడు. గడ్డం మీదికి ఒక చుక్క జారింది. మస్తాన్ తుడుచుకోబోయి రెండు చేతులూ పైకెత్తాడు. సగంలో ఆపి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.