బోర్లా అంటించిన ఫోటో

నా చిన్నప్పుడు మా మందిరానికి స్లాబు పడింది. అంతకుముందు అది రేకుల షెడ్డు. వానొస్తే పాస్టరు గారి ప్రసంగం మాకు వినపడేది కాదు, ఎండొస్తే వినే ఓపిక మాకుండేది కాదు. మిరపకాయలు కోసేవాళ్ళూ, పొగాకు గుచ్చేవాళ్ళూ ఏళ్ళ తరబడి కూడబెట్టి కట్టుకున్న మందిరం. స్లాబు వేసిన రోజున చీరాల నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారు. రీలు కెమెరాల రోజులు. తీసిన ఫోటో ఎలా వచ్చిందో తెలియాలంటే వారం పది రోజులు ఆగాలి. ఆ ఫోటోల్లో ఒకదాని గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పబోతే కోపం వచ్చేది. ఇప్పుడూ వస్తోంది. అయినా చెబుతాను.

మందిర ప్రతిష్ఠకు గుంటూరు నుంచి పెద్దలు వస్తున్నారు, వాళ్ళకు చూపించడానికి ఆ ఫోటోలన్నీ ఒక ఆల్బంగా చేయాలి అన్నారు పాస్టరమ్మ గారు. కొన్నది వద్దు, సండే స్కూలు పిల్లల చేతులతో చేసింది ఉండాలన్నారు. ఆ పని నాకు వచ్చింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. కంఠత వాక్యాల్లో నేనే ఫస్టు, రంగు కాగితాల తోరణాలు కత్తిరించడంలోనూ నేనే ఫస్టు. ఆ గర్వం కూడా నాలో నిండుగా ఉండేదని ఒప్పుకోవాలి.

అట్ట ఆల్బం ఎలా చేస్తారో నాకు నేర్పింది మా వీధి చివరి బైండింగ్ తాత. ఆయన నూర్‌బాషా ముస్లిం. వాళ్ళ పెద్దలు దూది ఏకేవాళ్ళు. ఈయన మాత్రం పుస్తకాలకు అట్టలు కట్టే పని పట్టుకున్నాడు. పర్చూరు బడి పిల్లల పుస్తకాలన్నీ ఆయన వరండాలోకే వచ్చేవి. ఒక చాప, హాక్సా బ్లేడును నూరి చేసుకున్న కత్తి, మైదా జిగురు గిన్నె, చీమకుర్తి లారీవాళ్ళు ఎప్పుడో దించిపోయిన నల్ల గ్రానైటు పలక. అంతే ఆయన సరంజామా. నమాజు వేళైతే జిగురు సగం పూసిన అట్టను కూడా అక్కడే వదిలేసి లేచేవాడు. "అది ఎండిపోద్ది గదా తాతా" అంటే, "మళ్ళీ పూస్తాంలే" అనేవాడు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి కిటికీలోంచి చూసే అలవాటున్న నాకు ఆ మాట కొంచెం గుచ్చుకునేది.

మొదటి రోజు నేను ఫ్యాను డబ్బా అట్ట పట్టుకెళ్ళాను. తాత దాన్ని వేళ్ళతో నొక్కి, "లోపలంతా గాలేనే, మీ మావ మాటల్లాగా" అని పక్కన పడేశాడు. గట్టి బూడిదరంగు అట్ట ఒకటి ఇచ్చి అటూ ఇటూ వంచి చూడమన్నాడు. అట్ట ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు మొండికేస్తుంది. తేలిగ్గా వంగే మడత ఆల్బం వీపు వెంబడి రావాలి. కోసేటప్పుడు ఒక్క దెబ్బతో తెగ్గొట్టాలని చూడకూడదు, ఒకే గీత మీద పదిసార్లు తేలిగ్గా లాగాలి. కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్దాలి, లేకపోతే పైన వేసిన కాగితం మూలల్లో చిరుగుతుంది. మైదాలో కాస్త మైలతుత్తం వేయకపోతే పురుగు పట్టి ఫోటోలతో సహా తినేస్తుంది.

ఇవన్నీ బుద్ధిగా విన్నాను, చేసేటప్పుడు మరిచిపోయాను. మొదటి అట్ట మీద ఒకవైపే చీరాల గళ్ళ బట్ట అంటించి ఎండలో పెడితే సాయంత్రానికి అప్పడంలా లేచింది. "ఒక పక్కే లాగితే ఏదైనా వంగుద్దమ్మా. రెండో పక్క కూడా కాగితం అంటించు, రాయి కింద పెట్టు, తెల్లారిందాకా ఎత్తి చూడబాక" అన్నాడు. నేను గంటకోసారి ఎత్తి చూశాను. రెండో అట్టా పోయింది. మూడోసారి అట్టలు బాగానే వచ్చాయి గానీ, ఫోటోలు పెట్టేసరికి ఆల్బం ఎండుచేపలా నోరు తెరిచింది. ఫోటోల మందం పేజీల మధ్యలో ఉంది, వీపు దగ్గర లేదు. పేజీకీ పేజీకీ నడుమ వీపు దగ్గర సన్నని అట్టముక్కలు పెట్టించి, మేకుతో కన్నాలు పొడిపించి, బూటు లేసుతో కట్టించాడు. అప్పుడు మూసుకుంది.

రెండో పక్క అంటించడానికి తాత పాత కాగితాలు వాడేవాడు, వాటి మీద తెల్లకాగితం వేసేవాడు. కానీ ఏ కాగితాన్నీ చూడకుండా వాడేవాడు కాదు. ప్రతి ముక్కనూ తిప్పి రెండు వైపులా చూసేవాడు. అరబీ అక్షరం కనిపిస్తే పక్కకు. కేలండరు మీద దేవుడి బొమ్మ ఉంటే పక్కకు. మా సువార్త కరపత్రమైతే పక్కకు. అవన్నీ మేకుకు వేలాడే గోనెసంచిలో వేసి, ఏడాదికోసారి వాడరేవు తీసుకెళ్ళి సముద్రంలో కలిపేవాడు. దేవుడి పేరును జిగురు పూసి అట్టలో పూడ్చకూడదు, అదీ ఆయన నియమం. నాకది ఎంతో నచ్చింది. నేనూ ఆయన పక్కన కూర్చుని శ్రద్ధగా ఏరేదాన్ని.

ఇక మా పక్కింటి అత్త గురించి చెప్పాలి. అత్త అంటే వరసకు పిలుపే. భర్త పోయాక మిరపకోతలకు వెళ్తూ ఒక్కతే బతికేది. పెళ్ళికి కూడా ఫోటో తీయించుకోలేదు. స్లాబు రోజున పొద్దున్నుంచీ చీర ఎగదోపుకుని, తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని, కాంక్రీటు తట్టలు మోసింది. మగవాళ్ళు టీలకు దిగినప్పుడు కూడా ఆమె దిగలేదు. ఫోటోగ్రాఫరు ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. ఆమె ముఖం కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. అప్పటినుంచి రోజూ బోరింగు దగ్గర నన్ను ఆపేది.

"ఏందమ్మే, నా బొమ్మొచ్చిందా? పళ్ళు గానీ పడ్డాయా? నవ్విచ్చబాకరా నాయనా అంటే విన్నాడు కాదు ఆ కుర్రోడు."

వచ్చింది అత్తా, బాగుంది అని చెప్పాను. నిజంగానే బాగుంది. సిమెంటు మరకల మధ్య పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

ఆల్బం దాదాపు పూర్తయిన రోజున మా సంఘ పెద్ద తాత వరండాకు వచ్చాడు. పేజీలు తిప్పుతూ అత్త ఫోటో దగ్గర ఆగాడు.

"ఏంది, ఈ అవతారం? గుంటూరు నుంచి వచ్చేవాళ్ళకు మనం చూపించేది ఇదా? తీసెయ్."

"ఆమె రోజంతా మోసిందండి" అన్నాను.

"అందరూ మోశారు. అందరినీ పెడతామా? చోటేదీ?" అంటూనే జేబులోంచి ఒక కవరు తీశాడు. అందులో ఆయన కొడుకు మందిరానికి గంట ఇస్తున్న ఫోటో, కోడలు గంట పక్కన నిలబడ్డ ఫోటో, మనవడు గంట తాడు పట్టుకున్న ఫోటో ఉన్నాయి. "ఇవి ముందు పేజీల్లో రావాలి. ఆమెది పారెయ్యడమెందుకు, అట్ట లోపల వేసి అంటించెయ్. గట్టిగా ఉంటది."

గంట ఒక్కటే. ఫోటోలు మూడు. వాటికి చోటు దొరికింది.

పెద్దలకు లోబడాలని నేర్చుకున్న పిల్లను. లోబడ్డాను. ఆ సాయంత్రం తాత నమాజుకు లేచినప్పుడు, వెనక అట్ట లోపలి వైపు జిగురు పూసి, ఆ ఫోటోను బోర్లా పెట్టి అదిమాను. దాని మీద తెల్లకాగితం వేశాను. పైగా ఒక తెలివి కూడా చేశాను. ఇలా అయితే అత్త ఆల్బంలో ఉన్నట్టే కదా అనుకున్నాను. ఇంటికెళ్తుంటే ఆమె ఎదురై అడిగింది. "నీ ఫోటో ఆల్బంలోనే ఉందత్తా" అన్నాను. ఆమె నా తల నిమిరింది. నేనన్న ఆ మాటలో అక్షరం కూడా తప్పు లేదు. నా జన్మలో అంత పెద్ద అబద్ధం ఇంకోటి ఆడలేదు.

మర్నాడు పొద్దున తాత రాయి ఎత్తి, అట్టను అరచేత్తో తడిమాడు. చెయ్యి ఒకచోట ఆగింది.

"లోపలేం పెట్టావు?"

చెప్పాను. తప్పు నా మీది నుంచి పోతుందని సంఘ పెద్ద మాట కూడా చెప్పాను. తాత ఆ సంగతి విననట్టే ఉండి, గోనెసంచి వైపు చూపించాడు.

"ఆ కాగితాలు ఎందుకు తీస్తన్నావు?"

"దేవుడి పేరుంది గదా తాతా."

"మనిషిని దేవుడు ఎట్టా చేశాడని మీ బళ్ళో చెప్పారు?"

అది నాకు కంఠతా వచ్చు. తప్పు లేకుండా చెప్పినందుకే అంతకుముందు క్రిస్మస్‌కు స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. తన పోలికలో చేశాడని గడగడా అప్పజెప్పాను.

"మరి?" అన్నాడు తాత.

అంతే అన్నాడు. కాగితం మీద పేరుంటే సంచిలో దాచాను. కాగితం మీద పోలికే ఉంటే, ముఖం కిందికి పెట్టి పూడ్చేశాను.

తాత లేసు విప్పి వెనక అట్టను విడదీసి, వెడల్పాటి బేసిన్లో నీళ్ళు పోసి ముంచాడు. నేను పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. "తొందరపడి అంటించావు. తొందరపడి పీకితే ముఖం పోద్ది." గంటసేపు ఇద్దరం బేసిన్ పక్కన కూర్చున్నాం. మైదా మెత్తబడి, తెల్లగా నీళ్ళలోకి విడిపోయి, ఫోటో మెల్లగా లేచి వచ్చింది. ముఖం దక్కింది, నవ్వు దక్కింది. ఎడమ భుజం దగ్గర మాత్రం రంగు అట్టకే ఉండిపోయి, అణా బిళ్ళంత తెల్లటి మచ్చ మిగిలింది.

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఆల్బం లాక్కుని గంట ఫోటోలు మూడూ కోసిపారెయ్యాలని కత్తి అందుకున్నాను. తాత కత్తి లాగేసుకున్నాడు. "తాడు పట్టుకున్న ఆ పిలకాయ ఏం చేశాడే నిన్ను? వాడిది ముఖం గాదా?" అని గట్టిగా అరిచాడు. ఆయన నా మీద అరిచింది ఆ ఒక్కసారే. తర్వాత వెనక అట్టకు బదులు ఇంకోటి కోశాడు. దానితోపాటు లోపలికి ఒక పేజీ అట్ట కోశాడు, రెండు కన్నాలు పొడిచాడు, లేసు మళ్ళీ కాస్త వదులుగా కట్టాడు. చోటు వచ్చేసింది. చోటంటే అంతే, ఒక అట్ట, రెండు కన్నాలు. అదే లేదని ఒక మనిషిని పూడ్చేయమన్నారు.

ప్రతిష్ఠ రోజున పాస్టరు గారు, సత్రంలో చోటు దొరకని ప్రభువుకు ఈ పల్లెలో మనం చోటు కట్టాం అన్నారు. ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది మా సంఘ పెద్దే. ఆరాధన అయ్యాక గుమ్మం పక్కన బల్ల మీద ఆల్బం పెట్టారు. నేను పిలిస్తే తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి షామియానా చివర నిలబడ్డాడు. గుంటూరు పెద్దలు పేజీలు తిప్పి బాగుందన్నారు. వాళ్ళ వెనకే అత్త వచ్చింది. తన పేజీ దగ్గర ఆగి, చెయ్యి చీరకు తుడుచుకుని, వేలితో ముట్టుకుంది.

"ఓసినీ, పళ్ళన్నీ పడ్డయ్యే!" అని పెద్దగా నవ్వింది. తర్వాత మచ్చ చూసింది. "ఇదేందమ్మే, భుజం మీద?"

సంఘ పెద్ద పక్కనే ఉన్నాడు. ఆ పేజీ చూసి ఆయన మొహం మాడిపోయింది. అతిథుల ముందు దాన్ని చింపలేడు. మాట మాత్రం దొరికింది. "ఆ సాయిబు చేతికిస్తే ఇట్టాగే ఉంటది. నీళ్ళలో వేసి పాడుచేశాడు" అన్నాడు, షామియానా చివరిదాకా వినపడేలా.

తాత తల దించుకున్నాడు. నా పేరు చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెప్పడని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఇక నా నోరు ఆగలేదు.

"తాత కాదు! నేనే బోర్లా అంటించాను. పెద్దయ్య గారే చోటు లేదన్నారు. అట్ట లోపల వేసెయ్యమన్నారు. తాత బయటికి తీశాడు!"

అందరూ ఇటు తిరిగారు. మా అమ్మ నా జబ్బ గిల్లింది. సంఘ పెద్ద నవ్వాడు. "నోరు చూశారా పిల్లకి! పదండి, పదండి, కూర చల్లారిపోద్ది" అన్నాడు. అందరూ కదిలారు. అంతమంది విశ్వాసుల్లో ఒక్కరు, పాస్టరు గారితో సహా ఒక్కరు, ఇదేమిటని ఆయన్ని అడగలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

అత్త మాత్రం కదల్లేదు. "ఆల్బంలోనే ఉందన్నావు గదే" అంది మెల్లగా. నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. షామియానా చివరికి వెళ్ళి, "రా బాబాయ్, మొదటి బంతిలో కూర్చుందాం" అని తాతను వెంటబెట్టుకుని, గుంటూరు పెద్దల వరసలో తన పక్కనే కూర్చోబెట్టింది. వడ్డించేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏందిరా చూస్తా? విస్తరెయ్యి" అంది. తాత మాంసం వద్దని పప్పూ పెరుగుతో తిన్నాడు. నాతో అత్త మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. అది న్యాయమే.

ఇప్పుడు నేను సండే స్కూలు టీచర్ని. వేసవి సెలవుల్లో పిల్లల చేత అట్ట ఆల్బంలు చేయిస్తాను. అట్ట ఎటు వంగుతుందో చూడటం, అంచు రుద్దడం, రెండు వైపులా అంటించడం వాళ్ళకు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అంతకంటే కష్టమైనది సంఘ కమిటీలో కూర్చున్నప్పుడు ఎదురవుతుంది. ఎవరో ఒకరిని పక్కన పెట్టే మాట అక్కడ ఎప్పుడూ మర్యాదగానే వస్తుంది. చోటు లేదంటారు, సమయం లేదంటారు, వచ్చేవాళ్ళ ముందు బాగుండదంటారు. నేను లేచి నిలబడతాను. చోటు ఎందుకు లేదని అడుగుతాను. నాకు నోటి దురుసని పేరు పడింది. క్షమించమని వాక్యం చెబుతోంది. ఆ సంఘ పెద్ద మంచాన పడ్డప్పుడు వెళ్ళి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను, మనస్ఫూర్తిగానే చేశాను. అత్తకు నేను చేసిన పనికి నన్ను క్షమించమని దేవుణ్ణి మోకాళ్ళ మీద అడిగాను. నా లోపాలన్నీ ఒక్కొక్కటిగా దేవుడి ముందు పెట్టి తీసెయ్యమంటాను. ఆ రోజు షామియానా కింద పుట్టిన కోపాన్ని మాత్రం తీసెయ్యమని ఇంతవరకూ అడగలేదు. అది ఆయన ఇచ్చిందేనని నా నమ్మకం.