తమ్ముణ్ని చంపిన క్రిమి పేరు

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. గవర్నర్‌పేటలో ఆవిడ నడిపిన ల్యాబ్‌లోనే నేను పని నేర్చుకున్నాను. గుండె జబ్బువాళ్ల రక్తంలో దాక్కున్న క్రిమిని పట్టుకోవడం ఆవిడ వృత్తి. దాని వెనక పగ ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ తమ్ముడికి చిన్నప్పుడే గుండె వాల్వు దెబ్బతింది. ఓసారి జ్వరం పట్టుకుని వదల్లేదు. పేరున్న గుండె డాక్టరు, "వైరల్ ఫీవరండీ, అంత కంగారెందుకు?" అని నవ్వి, రక్తం తీయించకుండానే యాంటీబయాటిక్ రాశాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అప్పుడు రక్తాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పంపితే ఏమీ పెరగలేదు. ముందు వేసిన మందు క్రిమిని చంపలేదు గానీ జాడ దొరకకుండా చేసింది. ఏ మందు పనిచేస్తుందో తేలకుండానే కుర్రాడు పోయాడు.

"చంపిందాని పేరైనా తెలీకుండా వాణ్ని సాగనంపాను అమ్మాయ్," అన్నారు నాతో.

అందుకే ఫోన్లో డాక్టర్ల మీద కేకలేసేవారు: "ముందు రక్తం తీయండి, తర్వాతే మందు!" ఆ కేకల వల్ల బతికినవాళ్లు మంగళగిరి నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఉన్నారు. మైక్రోస్కోప్‌లో క్రిమి కనపడగానే, "దొరికావే!" అని పళ్లు కొరికేవారు.

కిందటేడు ఆ డాక్టరే వాల్వుకి ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరాడు. మేడమ్ స్వయంగా వెళ్లి రక్తం తీశారు. క్రిమి దొరికింది, సరైన మందు పడింది, ఆయన కోలుకున్నాడు. డిశ్చార్జి రోజు నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లారు.

"మీరే కదమ్మా నన్ను బతికించింది," అని ఆయన చేతులు జోడించాడు.

"మా తమ్ముడూ ఇదే జ్వరంతో మీ దగ్గరికొచ్చాడండీ. మీరు నవ్వారు. ఈ కాస్త రక్తం వాడికీ తీయించి ఉంటే బతికేవాడేమో. మీరు చాలా ఏళ్లు ఉండాలి. రోజూ లేవగానే వాడు గుర్తు రావాలి. అందుకే బతికించాను."

బయటికొచ్చాక, "క్షమించెయ్యచ్చుగా మేడమ్?" అన్నాను.

"క్షమించడానికి నేనెవర్ని? పోయింది వాడు."

మొన్న ఆయన దండ పట్టుకుని మేడమ్ ఇంటికి వచ్చాడు. నేను అడ్డంగా నిలబడి, "వద్దండీ," అన్నాను. అందుకు నాకిప్పటికీ బాధ లేదు. ఆయన గేటు బయటికి వెళ్లి ఎండలో నిలబడ్డాడు. మేడమ్‌ని శ్మశానానికి తీసుకెళ్తున్న మా వ్యాను కదిలి మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. చేతిలో దండ అలాగే ఉంది. లిల్లీపూలు ఒక్కొక్కటే ఆయన చెప్పుల మీద రాలుతున్నాయి.