ఆయన పోయింది గుండెపోటుతో కాదు

మా సీనియర్ గారు పోయారు. మరునాడు పొద్దున మా కోర్టు నోటీసు బోర్డు మీద లాయర్ల అసోసియేషన్ వాళ్ళు కాగితం అంటించారు: "గుండెపోటుతో ఆకస్మికంగా మరణించారు." రెండు మాటలూ అబద్ధమే. ఆకస్మికం కాదు, నెలల తరబడి నెల్లూరు ఆసుపత్రికి తిరుగుతూనే ఉన్నారు. గుండె అసలే కాదు. పాడైంది కాలేయం. ఒకప్పుడు తాగిన తాగుడుకి పాడైంది. గుండె చివరిదాకా గట్టిగానే ఉంది. ఆ మాట ఏ కోర్టు బోనులోనైనా ప్రమాణం చేసి చెబుతాను.

ఇది చదివేవాళ్ళలో కొందరికి కోపం రావచ్చు. పోయినవాడి గురించి ఇట్లాగేనా రాసేది అనవచ్చు. ఇట్లాగే. ఇంకోలా రాస్తే అది వేరెవరి గురించో రాసినట్టు అవుతుంది.

నేను లా పూర్తిచేసి వచ్చినప్పుడు, ఏ సీనియర్ దగ్గర చేరాలని అడిగితే పది పేర్లు చెప్పినవాళ్ళు కూడా చివర ఒక మాట కలిపేవాళ్ళు: "ఆయన దగ్గరికి మాత్రం పోబాక." అందరూ ఒకే మాట చెబితే దానికి ఎదురు నడవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సభల దగ్గర పంచిపెట్టే కరపత్రాలూ, చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలూ చదివి తయారైనవాణ్ణి. ఊరంతా వద్దన్న మనిషిలో ఏదో న్యాయం ఉండే ఉంటుందని నా లెక్క. సరాసరి ఆయన ఆఫీసుకే పోయాను.

కూర్చోమనే ముందే ఆయన చెప్పారు. "నేను తాగుబోతునబ్బయ్యా. తాగి ఒకాయన కేసు పోగొట్టినా. బార్ కౌన్సిల్ నన్ను సస్పెండ్ చేసింది. ఇప్పుడు మానినా. ఇదంతా బయట ఇంకోరు చెప్తే నీకు కోపమొస్తాది, నేను చెప్తే రాదు. ఇంక కూర్చో."

కొత్తగా వచ్చిన ప్రతి క్లయింటుకూ ఇదే చెప్పేవారు. కొందరు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళేవాళ్ళకు ఆయనే తలుపు తీసేవారు.

ఆ పోయిన కేసు కొడవలూరు దగ్గరి రైతుది. పొలం పక్కన ఎవరో రొయ్యల గుంట తవ్వారు. గుంటలోని ఉప్పునీళ్ళు పొలంలోకి ఊరి, వరి ఎర్రబడి చచ్చింది. రైతు కోర్టుకొచ్చాడు. గుంట యజమాని తరఫు సాక్షిని మా సీనియర్ ప్రశ్నించాల్సిన రోజున, ఆయన లాయర్ల గదిలో టేబుల్ మీద తల వాల్చి నిద్రపోతున్నారు. పేరు పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. ప్రశ్నలేమీ లేవని రాసుకుని కోర్టు సాక్షిని పంపేసింది. కేసు పోయింది. రైతు ఊరుకోలేదు, బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశాడు. విచారణలో మా సీనియర్ తరఫున వాదిస్తామని స్నేహితులు వచ్చారు. వద్దన్నారు. "ఆయన రాసింది నిజం" అని ఒక్క వాక్యం చెప్పి వచ్చేశారు.

ఈ సంగతి విన్నప్పుడు నేను ఎగిరిపడ్డాను. "పెద్ద పెద్దవాళ్ళు క్లబ్బుల్లో తాగితే ఏ కమిటీ పిలవదు సార్. చిన్న ఊరి వకీలు కాబట్టే మిమ్మల్ని పట్టుకున్నారు. ఇది వర్గ న్యాయం!"

"నిజమే" అన్నారు. "కానీ ఆ రైతు పొలం క్లబ్బులో మునగలేదు. నా గ్లాసులో మునిగింది."

సస్పెన్షన్ కాలంలో ఆయన ముందు నెల్లూరులో తాగుడు మాన్పించే కేంద్రంలో ఉన్నారు. తిరిగొచ్చాక రోజూ కోర్టుకే వెళ్ళేవారు. నల్లకోటు లేదు, పనీ లేదు. వరండాలో క్లయింట్లు కూర్చునే బల్ల మీద, వాళ్ళ మధ్యలో కూర్చునేవారు. తోటి లాయర్లు తల తిప్పుకుని దాటిపోయేవాళ్ళు. ఎందుకలా కూర్చున్నారని అడిగితే మెడ రుద్దుకున్నారు. "లాయరు వస్తాడా రాడా అని గేటు వైపు చూసి చూసి ఈడ నొప్పి పుడతాది. అన్నేళ్ళు ప్రాక్టీసు చేసినా, ఈ నొప్పి ఉండాదని నాకు తెలీదు."

ఇక్కడ నా కోపం కొంచెం చెప్పుకోనివ్వండి. మొదటిసారి దొంగతనం చేసిన కుర్రాడు దొరికితే, మేం వకీళ్ళం లేచి నిలబడి, "అయ్యా, జైలుకు పంపకండి, మంచి నడవడిక మీద వదిలిపెట్టండి, ఒక అధికారి కనిపెట్టుకుని ఉంటాడు" అని అడుగుతాం. కోర్టు వింటుంది. దాన్నే ప్రొబేషన్ అంటాం. అదే వకీలు తప్పు చేస్తే మా చట్టంలో ఏముంది? మందలింపు, సస్పెన్షన్, పేరు కొట్టివేత. కొట్టడానికి మూడు రకాల కర్రలున్నాయి, లేచి నిలబడడానికి ఒక్క ఊతకర్ర లేదు. శిక్షాకాలం అయిపోయిన రోజున, మనిషి మానాడో లేదో ఎవరూ చూడరు. కోటు తగిలించుకుని మళ్ళీ ఇంకొకరి పొలాన్ని చేతిలోకి తీసుకోవచ్చు. దీన్ని శిక్ష అనాలా, నిర్లక్ష్యం అనాలా?

మా సీనియర్ అడిగింది ఆ ఊతకర్రే. బార్ కౌన్సిల్ పెద్దలకు ఆయన చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు: "మాఫీ వద్దు, షరతు పెట్టండి." పెద్దలు నవ్వి, అట్లాంటి నిబంధన లేదన్నారు. లేకపోతే నేనే పెట్టుకుంటానని ఆయన బయల్దేరి నేరుగా కొడవలూరు వెళ్ళారు, తన మీద ఫిర్యాదు రాసిన రైతు ఇంటికి.

ఆ రోజు జరిగింది ఇద్దరి నోటా విన్నాను. ఎవరికి వారు తామే గెలిచినట్టు చెప్పేవాళ్ళు.

"నువ్వు నాకు జామీను ఉండాల పెద్దాయనా" అన్నారట ఈయన.

"నా మడిని ఉప్పుపాలు చేసినోడికి నేను జామీనా? ఏంది సార్, పొద్దన్నే ఏసుకొచ్చినావా?"

"లేదు. కావాలంటే చూసుకో" అని మొహం ముందుకు పెట్టి ఊదారట.

రైతు వెనక్కి తగ్గి, "ఎవురన్నా స్నేహితుణ్ణి పెట్టుకుంటారు సామీ. కేసు పెట్టినోణ్ణి పెట్టుకునే వాణ్ణి నిన్నే చూస్తా ఉండా" అన్నాడట.

"స్నేహితుడు వాసనొచ్చినా రాలేదంటాడు. నువ్వు రాకపోయినా వచ్చిందంటావు. నాకు నువ్వే కావాల."

ఆ రైతు రోజూ పొద్దున టౌనులో హోటళ్ళకు పాలు పోయడానికి వచ్చేవాడు. ఖాళీ క్యాన్లతో తిరిగిపోతూ కోర్టు గేటు దగ్గర బండి ఆపేవాడు. మా సీనియర్ నల్లకోటు చేతి మీద వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడేవారు. "ఊదు సార్." ఊదేవారు. "సరే, పో." అప్పుడే కోటు తొడుక్కునేవారు. ఎండాకాలం, వానాకాలం, జడ్జి గారి కారు పక్కనుంచి పోతున్నా ఇదే.

తాగే రోజుల్లో ఆయన జేబు నిండా యాలక్కాయలు ఉండేవట. మానిన తరువాత యాలక్కాయ ముట్టలేదు. వక్కపొడి లేదు, సోంపు లేదు. ఆఖరికి పాయసంలో కనబడినా ఏరి గిన్నె అంచుకు పెట్టేవారు. నోట్లోంచి వచ్చే గాలికి దేనితోనూ ముసుగు ఉండకూడదని పట్టుదల.

గేటు దగ్గరి ఈ తంతు మొదటిసారి చూసినప్పుడు నా రక్తం మరిగింది. "అందరి ముందూ ఇదేం అవమానం సార్!"

"అవమానమే. అవమానం లేకుండా మానడానికి చానా ఏళ్ళు చూసినా. కుదర్లా."

"కనీసం ఆ రైతైనా తాగకుండా ఉంటాడా? ఆదివారం కల్లు తాగడా?"

"తాగుతాడు. తాగనీ. ఆయన చేతిలో ఇంకొకరి పొలం లేదు గదా."

నా కరపత్రాలను మాత్రం బాగా ఆటపట్టించేవారు. "నీ పుస్తకాలన్నీ 'కూల్చండి' కాడ అయిపోతాయేందిరా? కూల్చినాక ఇటుకలు ఏరే పేజీ చింపుకున్నావా?" నేను ఉడుక్కునేవాణ్ణి. ఇప్పటికీ ఆ పుస్తకాలు నమ్ముతాను. కానీ కూలిన మనిషి ఒకడు తన ఇటుకలు తానే ఏరుకోవడం దగ్గరుండి చూశాక, వాటిని చదివే తీరు మారింది.

ఈలోగా పై కోర్టు ఆ రైతు వేసుకున్న అప్పీలులో పాత తీర్పు కొట్టేసి, సాక్షిని మళ్ళీ ప్రశ్నించమని మా కోర్టుకే తిప్పి పంపింది. రైతు కాగితాలు తెచ్చి మా సీనియర్ బల్ల మీద పెట్టాడు. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. రైతు కసిరాడు: "ఇంకో లాయరైతే ఏం తాగొచ్చినాడో నాకెట్టా తెలుస్తాది సార్? నిన్నయితే దినామూ నేనే చూసుకుంటా ఉండా గదా!"

సాక్షి రావాల్సిన రోజు వచ్చింది. ఆ పొద్దున గేటు దగ్గర మా సీనియర్ కోటు లేకుండా నిలబడి ఉన్నారు. రైతు బండి దిగకముందే చెప్పారు: "నేను ఊదను పెద్దాయనా. నిన్న తాగినా."

రైతు బండి దిగి స్టాండు వేశాడు. తరువాత, "అయితే ఈపొద్దు నా కాగితాలు ముట్టుకోబాక" అన్నాడు.

అసోసియేషన్ సెక్రటరీ పరుగున వచ్చి మమ్మల్ని పక్కకు లాగాడు. "జ్వరమని చెప్పి వాయిదా తీసుకుందాం. ఎవురికి తెలుస్తాది?" మా సీనియర్ నా వైపు తిరిగారు. "జ్వరమని చెప్పినావంటే, రేపటి నుంచి నా ఆఫీసుకి రాబాక."

నేనే వెళ్ళి నిలబడ్డాను. మా సీనియర్ గారు ఈరోజు కేసు నడిపే స్థితిలో లేరని చెప్పాను. కారణం ఏమిటని జడ్జి గారు అడిగారు. తాగుడు అన్నాను. జడ్జి గారు ఆఖరి అవకాశమని రాసి వాయిదా వేశారు. మా సీనియర్ ఆ సాయంత్రమే మళ్ళీ నెల్లూరులో తాగుడు మాన్పించే ఆ కేంద్రానికి వెళ్ళారు. తిరిగొచ్చిన పొద్దున రైతు గేటు దగ్గర ఉన్నాడు. "ఊదు సార్." అంతే. దాని గురించి ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోగా నేను వినలేదు.

వాయిదా రోజున సాక్షిని ప్రశ్నించారు. గొంతు పెంచలేదు. గుంట తవ్వినప్పుడు గట్టు ఎక్కడ ఉంది, ఇప్పుడు ఎక్కడ ఉంది, మధ్యలో కాలువ ఏమైంది. అడిగినవి అవే. మధ్యాహ్నానికి సాక్షి చొక్కా తడిసిపోయింది. గుంట మూయించమని తీర్పు వచ్చింది. ఆ తరువాతి పంటకారులో పైరు ఎట్లా ఉందని అడిగితే రైతు పెదవి విరిచాడు. "సగమే వస్తా ఉండాది. ఉప్పు అంత బిరీన పోదు సార్."

"నాదీ అంతే పెద్దాయనా."

"పోలికలు చెప్పి తప్పించుకోబాక. ఊదు."

ఉప్పు నిజంగానే పోలేదు. కాలేయం లోపలెక్కడో దాచుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆసుపత్రి మంచం మీద కూడా క్లయింట్ల వాయిదాలు అడిగేవారు. అలాగే పోయారు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. లాయరు ఎవరైనా పోతే కోర్టు హాల్లో సంతాప సభ పెడతారు. జడ్జి గారు బెంచి మీద ఉంటారు, పోయినవాళ్ళ గురించి ఒకరు చదువుతారు, అందరూ నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. జూనియర్‌ని కాబట్టి నన్నే చదవమన్నారు. నేను రాసింది సెక్రటరీ చూసి, సస్పెన్షన్ దగ్గర నుంచి అడ్డంగా గీత కొట్టాడు. పైన "మచ్చలేని వృత్తి జీవితం" అని తన చేత్తో చేర్చాడు.

"పోయినాయన పరువు తమ్ముడూ" అన్నాడు. చెడ్డవాడేం కాదు, నిజంగానే కళ్ళలో నీళ్ళున్నాయి. "ఆ ఇంట్లో ఆడమనిషి ఉండాది. ఆమె మొహం చూడు."

చూడడానికే వెళ్ళాను. కొట్టేసిన కాగితం సీనియర్ గారి భార్య చేతికిచ్చి, "ఏం చదవమంటారమ్మా?" అన్నాను. ఆమె గీత కింద ఉన్నదంతా నిదానంగా చదివింది.

"ఆయన తాగే రోజుల్లో ఎవురు ఫోన్ చేసినా జ్వరమనే చెప్పినా నాయనా. చెప్పీ చెప్పీ నా నోరే చేదెక్కిపోయింది. ఆ పని తప్పించినాడు నాకు. మళ్ళా నా చేత చెప్పిస్తారా?" అని కాగితం వెనక్కిచ్చింది. "గట్టిగా చదువు. వెనకోళ్ళకి వినపడాల."

చదివాను. "ఆయన తాగారు. ఒక రైతు కేసు పోగొట్టారు. శిక్ష అనుభవించారు. మానారు. మధ్యలో జారారు. మళ్ళీ మానారు. ఇది మచ్చ అయితే, ఈ మచ్చ మాకు కావాలి." అక్కడికి వచ్చేసరికి హాలు లేచింది. "కూర్చో!" "పోయినోణ్ణి బజారుకీడుస్తావా?" సెక్రటరీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. అప్పుడు గుమ్మం దగ్గర, బయటి జనంలోంచి కొడవలూరు రైతు గొంతు వినిపించింది.

"తాగినాడని రాసిచ్చింది నేనే సార్. మానినాడని చెప్తా ఉండేదీ నేనే. అబ్బయ్యని చదవనీండి."

మిగిలింది చదివేశాను. మా వృత్తిలో తాగుడుకు లోబడినవాణ్ణి దాచిపెట్టడం దయ కాదని, వాణ్ణీ వాణ్ణి నమ్ముకున్నవాణ్ణీ కలిపి ముంచడమని చదివాను. షరతు పెట్టి, కనిపెట్టుకుని ఉండే మనిషిని ఇచ్చి, మళ్ళీ నిలబెట్టే నిబంధన కావాలని అడిగాను. ఆ ప్రసంగాన్ని రికార్డులోకి ఎక్కించకూడదని అసోసియేషన్ తీర్మానించింది. ఎక్కించకపోతే పోనీ, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చదవడం అయ్యాక జడ్జి గారు లేచారు. హాలంతా లేచింది. రెండు నిమిషాలు ఎవరూ దగ్గలేదు కూడా. జడ్జి గారు కూర్చున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ కూర్చున్నారు.

వెనక వరసలో ఒకాయన మాత్రం కూర్చోలేదు. ఆయన పేరు చెప్పను. మధ్యాహ్నం భోజనం తరువాత ఆయన కేసులు ఎందుకు వాయిదా పడతాయో ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. పక్కనున్నవాళ్ళు కోటు అంచు పట్టి లాగారు. ఆయన ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, అందరూ తిరిగి చూస్తుండగా, రెండు చేతులూ ముందు బల్ల మీద ఆనించి, అట్లాగే నిలబడి ఉన్నారు.