గుమ్మానికే పెట్టిన బొట్టు

మా తమ్ముడు పోయిన నెల కాలం చేశాడు. నరసన్నపేట నుంచి విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే గుండె ఆగింది. ఆస్పత్రిలో చేరమని డాక్టరు చెప్పి అప్పటికి నాలుగు నెలలు. మా మేడ మీది గదిలో ఉన్న సర్వరు అనే పెద్ద కంప్యూటరును విడిచి రాలేక చేరలేదు.

ఆ ఒక్క మిషన్ను లోపల భాగాలు చేసి అద్దెకిచ్చేవాడు. భావనపాడు చేపల వ్యాపారులవి, బొబ్బిలిలో వీణలు చేసే కుటుంబానిది, ఇంకా ఎందరివో వెబ్‌సైట్లు అందులోనే నడిచేవి.

"ఏటిరా ఇది? నాకు తెలిసేలా సెప్పు" అన్నాను ఒకసారి. అక్కనైన నన్ను వాడు 'అప్పా' అనేవాడు.

"ఒకే ఇంట్లో ఇరవై గదులనుకో అప్పా. ఎవరి తాళం వాళ్లది. పక్క గదిలో ఎవులున్నారో తెలీదు. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే."

"పొయ్యి ఆరిపోతే?"

"ఇరవైమందీ పస్తే" అని నవ్వాడు. ఆ పొయ్యికి కాపలాగానే బతికాడు.

బొబ్బిలిలో మా అమ్మాయి పెళ్లి. పప్పు వడ్డిస్తుండగా ఫోను మోగింది. విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. "మీ తమ్ముడు ఆ పెట్టిని పెళ్లాడీసినాడేటి వొదినా" అంది మా ఆడపడుచు. నేను వాడి విస్తరిని చాలాసేపు తీయనివ్వలేదు.

దసరాకి మా ఇంట్లో పనిముట్లన్నీ ఆపి పూజ చేస్తాం. నాగలి, కుట్టుమిషను, స్కూటరు, అన్నిటికీ ఆ పూట విశ్రాంతే.

"ఒరే, ఒక్క పూట ఆపరా. బొట్టెట్టి ఎలిపోతాను."

"ఆపితే మళ్లీ లేస్తాదో నేదో అప్పా. నడుస్తన్నప్పుడు పెట్టకు, ఫ్యాను కుంకం లోపలికి లాగీస్తాది."

ఏటా బొట్టు ఆ గది గుమ్మానికే పెట్టేదాన్ని. ఆస్పత్రిలో చేరమని డాక్టరు చెప్పిన రోజు మాత్రం ఊరుకోలేకపోయాను. "అమ్మోరికైనా పూజయ్యాక ఉద్వాసన సెప్తాం. దీనికి సెప్పవేటిరా?"

ఆ మాట పట్టిందేమో. మర్నాటి నుంచే ఒక్కొక్కరినీ వేరేచోటి సర్వరుకు పంపడం మొదలుపెట్టాడు. "మీ సామాను కొత్తింట్లో పెట్టీసినాను, ఓపాలి సూసుకోండి" అని ప్రతివారికీ ఫోను చేసేవాడు. ఒక్కరి కాగితం కూడా పోనివ్వలేదు. అందుకే నాలుగు నెలలు పట్టింది.

చివరికి ఒక్క గది మిగిలింది. నాది. మా వీధి ఆడవాళ్లం చదివే సహస్రనామాన్ని వాడే రికార్డు చేసి, మాకోసం అందులో ఉంచాడు. "నీదెంతప్పా, పావుగంట పని. ఆస్పత్రి నుంచొచ్చీసి సేస్తాను." ఆ పావుగంట దేవుడు ఇవ్వలేదు.

వాడి స్నేహితుడొకరు వచ్చి మొన్న అదీ మార్చేశారు. "లోపల ఇంకెవరూ నేరు అమ్మా. స్విచ్చి ఆపీయండి" అని చెప్పి వెళ్లారు.

రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, వేలికి కుంకుమ అద్దుకుని మేడ ఎక్కుతున్నాను. అన్ని గదులూ ఖాళీ. పొయ్యి మాత్రం వెలుగుతోంది. ఎదురుగా వాడి కుర్చీ, దాని వీపుకి వాడి తువ్వాలు. స్విచ్చి మీద చెయ్యి వేస్తాను. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ఇవాళ కూడా బొట్టు గుమ్మానికే పెట్టి దిగివచ్చాను.