తెర అడుగున ఎర్ర అక్షరాలు

మా ఆఫీసు ఎనిమిదో అంతస్తులో, కాఫీ యంత్రం పక్కన ఒక పెద్ద ఫ్రిజ్ ఉంది. మధ్యాహ్నం పెరుగు డబ్బా కోసం దాని తలుపు తీసినప్పుడల్లా చల్లటి ఆవిరి మొహానికి తగులుతుంది. ఒక్క క్షణం ఎక్కడున్నానో మరిచిపోతాను. కిటికీ అవతలి గాజు మేడలు పలచబడిపోయి, వాటి చోట పాత మాదాపూర్ బండరాళ్లు లేస్తాయి. వాటి మీద ఎండ, ఎండలో తెల్లటి రాతిపొడి, ఆ పొడిలోంచి తీరుబడిగా నడిచివచ్చే యాదగిరి సార్. వెనక నుంచి ఎవరో "మేడమ్, అయిందా?" అని అడిగేదాకా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఫ్రిజ్ ముందు కలలు కనే మనిషని మా ఫ్లోర్‌లో నాకు పేరు కూడా వచ్చింది.

తొంభైల చివర్లో ఏలూరు నుంచి వచ్చి, మూసాపేటలో మా పిన్ని వాళ్లింట్లో ఉంటూ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. కంపెనీ అంటే మాదాపూర్‌లో అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లు. మేడ మీద పది కంప్యూటర్లు, కింద మా మేనేజర్ ప్రసాదరావు గారి గది. రోడ్డుకు అవతల కొత్తగా అద్దాల భవనం ఒకటి లేచింది. అందులో ఒక అంతస్తు తీసుకోవాలని ఆయన కల. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడిలా రోజుకు నాలుగుసార్లు కిటికీలోంచి దాన్ని చూసుకునేవారు. అంతకుముందు సబ్బుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేశారు. మంచి మనిషే, మాలో ఎవరికి జ్వరం వచ్చినా ఇంటికి పళ్లు పంపేవారు. కానీ సాఫ్ట్‌వేర్ కూడా సబ్బులాగే అచ్చులో పోస్తే వచ్చేస్తుందని ఆయన గట్టి నమ్మకం.

యాదగిరి సార్ మా అందరిలోకీ పెద్ద, యాభైకి దగ్గరపడ్డ మనిషి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో తూకం యంత్రాలు సరిచూసే పని చేస్తూ, వాటిలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చాక సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. పొద్దున మూసాపేట దగ్గర నేను కంపెనీ వ్యాన్ ఎక్కేసరికి ఆయన కిటికీ పక్క సీట్లో ఉండేవారు. కూకట్‌పల్లి దాటాక ఇళ్లు తగ్గిపోయి రాళ్లు మొదలయ్యేవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ బండలు చలికాలపు మంచులో మాతోపాటు మెల్లగా కదులుతున్నట్టుండేవి. "గా రాయి ఎన్నేండ్ల సంది గట్లనే నిలబడ్డదో సూడు బిడ్డా. దానికి మీటింగులు లెవ్వు," అనేవారు, కొంచెం ఈర్ష్యగా.

ఆఫీసులోనూ ఆయన గంటలకు గంటలు ఆ రాళ్లనే చూస్తూ కూర్చునేవారు. టైప్ చేసే చప్పుడు వినిపిస్తేనే పని జరుగుతున్నట్టు ప్రసాదరావు గారి లెక్క. ఒకసారి పైకి వచ్చి, "ఏమండీ యాదగిరి గారూ, ఖాళీగా ఉన్నారా?" అని అడిగారు.

"పని జేస్తున్న సార్. టైప్ చేసుడు ఆఖర్ల ఉంటది," అన్నారాయన, చూపు మరల్చకుండానే.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ప్రోగ్రామ్ తయారవకముందే కొనేవాళ్లకు చూపించడానికి ఉత్తుత్తి తెరలు చేస్తాం కదా, వాటిని ఆయన బొమ్మలు అనేవారు. వాటి వెనక ఏమీ ఉండదు, మనం రాసిపెట్టిన అంకెనే ఎప్పుడు అడిగినా చూపిస్తాయి. అలాంటి ప్రతి తెర అడుగునా ఎర్రగా "ఇది బొమ్మ" అని రాయాల్సిందే. మా యంత్రాల్లో తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లం. ఎందుకు సార్ ఇదంతా అని కొత్తలో అడిగాను. "బాలానగర్‌ల సరిజూడని కాంటకు ఎర్రగుడ్డ కడ్తుంటిమి బిడ్డా. గుడ్డ లేకుంటె ఎవడో ఒకడు దాని మీద తూకం ఏస్తడు," అన్నారు.

ఆ రోజుల్లోనే మా అమ్మకాలు చూసే కిరణ్ ఒక ప్రైవేటు ఆసుపత్రిని పట్టుకొచ్చాడు. వాళ్ల బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు రక్తం ఎన్ని ప్యాకెట్లు ఉందో కంప్యూటర్లో కనిపించాలి. కిరణ్ మాట తేనె. పదిహేను రోజుల్లో ఇచ్చేస్తామని చెప్పి వచ్చాడు. మూడు నెలలు కావాలన్నారు యాదగిరి సార్. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఆ పని జరిగే చోట ఒక రోజంతా కూర్చుని చూడటం ఆయన పద్ధతి. అలాగే వెళ్లి, ప్యాకెట్ల లెక్క పుస్తకంలో రాసుకుంటూ బ్లడ్ బ్యాంకు చూసుకునే సుగుణమ్మ పక్కన కూర్చున్నారు.

ఆయన అక్కడుండగా నేను ఇక్కడ ఆఫీసులో బొమ్మ తెర చేశాను. అంత అందంగా మళ్లీ దేన్నీ చేయలేదేమో. గ్రూపుకో రంగు, పక్కన చిన్న చుక్క ఆకారం. బి నెగెటివ్ నొక్కితే మూడు ప్యాకెట్లు అని వచ్చేది, ఎన్నిసార్లు నొక్కినా మూడే. ప్రసాదరావు గారు కిరణ్‌ని వెంటబెట్టుకుని పైకి వచ్చి చూసి మురిసిపోయారు.

"ఎంత ముచ్చటగా చేశావమ్మా పద్మజా! ఆ ఎర్ర అక్షరాలే పంటికింద రాయిలా ఉన్నాయి. తీసెయ్ తల్లీ, ఒక్క రోజుకే కదా."

"ఇది శాంపిలే అని నోటితో నేను చెప్తాలెండి," అన్నాడు కిరణ్.

తీసేశాను. భయపడి తీసేశానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ అది అబద్ధం. నా తెర నాకే ముద్దొచ్చింది. ఆ అక్షరాలు లేకుండా ఇంకా బాగుంటుందని నాకూ అనిపించింది.

కిరణ్ చూపించడంతో ఆగలేదు. వాళ్లకు అలవాటవుతుందని ఫ్లాపీ అక్కడే వదిలి వచ్చాడు. ఆసుపత్రి కౌంటర్లోని కంప్యూటర్లో దాన్ని ఎక్కించుకున్నారు. పది రోజులకు, ఒక ఉదయం సుగుణమ్మ నుంచి యాదగిరి సార్‌కు ఫోన్ వచ్చింది. విని పెట్టేసి, మా గది మధ్యలో నిలబడి చెప్పారు. ఒకామెకు ఆపరేషన్. బి నెగెటివ్ ఉందా అని డాక్టర్లు అడిగితే కౌంటర్లో తెర చూసి మూడున్నాయి అన్నారు. ఆమెను థియేటర్లోకి తీసుకెళ్లారు. రక్తం తేవడానికి సుగుణమ్మ ఫ్రిజ్ తీస్తే ఒక్కటీ లేదు. కత్తి పెట్టకముందే ఆపారు కాబట్టి ఆమె బతికింది. ఆమె భర్త ఊరంతా తిరిగి రక్తం తెచ్చేసరికి మధ్యాహ్నమవుతుందట.

"ఎర్రగుడ్డ ఎవరిప్పిన్రు?" అని అడిగారు.

అప్పటికి ప్రసాదరావు గారూ పైకి వచ్చారు. "ఏదో జరిగిపోయిందండీ. రేపు వేరే ఫ్లాపీ ఇచ్చి సర్దేద్దాం, కారణం చెప్పక్కర్లేదు. ఇది పోతే ఆ బిల్డింగ్ కూడా పోయినట్టే," అన్నారు. నేను నోరు మూసుకుంటే రేపటిదాకా ఆ తెర అక్కడే ఉంటుందని, మళ్లీ ఎవరో దాన్ని నమ్ముతారని అర్థమైంది.

"నేనే సార్," అన్నాను.

"నాకు చెప్పి ఏం ఫాయిదా? పా, సుగుణమ్మకు చెప్పు."

ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. సుగుణమ్మ నేను చెప్పిందంతా విన్నది. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి తలుపు తీసింది. తెల్లటి ఆవిరి మా ఇద్దరినీ కమ్మేసింది. ఆ ఆవిరిలోనే నా అరచేతిని ఒక ఖాళీ అరలో పెట్టించింది.

"గిది బి నెగెటివ్ జాగ. ఏమన్న తగుల్తున్నదా?"

"లేదండీ."

"నీ డబ్బాల మూడున్నయి," అంది, కంప్యూటర్‌ను ఉద్దేశించి.

వేళ్లు మొద్దుబారేదాకా చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. యాదగిరి సార్ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు తప్ప నన్ను విడిపించడానికి రాలేదు. ఆ తరువాత డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, "మూడు నెల్లు టైమియ్యిన్రి సార్. అందాక ఆమె పుస్తకమే నమ్మున్రి, మా బొమ్మ తీసేయిన్రి," అని చెప్పారు. డాక్టరు గారు దాన్ని తీసేయించారు. మమ్మల్ని మళ్లీ పిలవలేదు.

ప్రసాదరావు గారు ఎవరినీ కేకలేయలేదు. చాలాసేపు అద్దాల భవనం వైపు చూస్తూ నిలబడ్డారు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీదా జాలేసింది. ఆ నెలాఖరుకు యాదగిరి సార్‌ను మానేయమన్నారు, నన్ను ఉంచుకున్నారు. అక్షరాలు తీసినదాన్ని నేను, పోయింది ఆయన. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

చివరి రోజు వ్యాన్‌లో ఆయన పక్కనే కూర్చున్నాను. సాయంత్రపు ఎండలో రాళ్లు బెల్లం రంగుకు తిరిగి, మా వెనక్కి తేలిపోతున్నాయి.

"చెయ్యి ఇంక సల్లగున్నదా బిడ్డా?" అని అడిగారు.

"ఉంది సార్."

"మంచిది. గట్లనే ఉండనియ్యి."

బాలానగర్‌లో కాంటాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. ఒకసారి వెళ్లాను. గోడ వారన వరుసగా కాంటాలు, సగానికి ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. నాకు టీ తెప్పించి, ఒక్కో గుడ్డా విప్పడానికి ఏమేం చూడాలో సాయంత్రం దాకా చెబుతూ కూర్చున్నారు. ఆయన ఇప్పుడు లేరు. మా టీములో ఉత్తుత్తి తెరల అడుగున మాత్రం ఆ ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్న ఆ మాట చూసి, వేరే రాష్ట్రాల పిల్లలు అదేదో పెద్ద కంపెనీ పేరనుకుంటారు.

నిన్న మధ్యాహ్నం మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, సేల్స్ వాళ్లు ఆ ఎర్ర లైన్ తీసేయమంటున్నారు. తీసేస్తే నిజంగానే బాగుంటుంది," అంది. కళ్లలో మెరుపు. ఆ మెరుపు నాకు తెలుసు. ఆమెను ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఒక అరలోని పెరుగు డబ్బాలన్నీ తీసి పక్కన పెట్టి, అక్కడ చెయ్యి పెట్టమన్నాను.

"ఏమైనా తగులుతోందా?"

"లేదు మేడమ్," అంది, నాకేదో అయిందన్నట్టు చూస్తూ.

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అయినా నేను తలుపు వెయ్యనివ్వలేదు.